సొరచేప నూనె తాగిన బ్యాటు

బ్యాట్ల రిపేరు నేర్చుకుంటామని నా దగ్గరికి వచ్చే కుర్రవాళ్లందరూ మొదట అడిగేది ఒకటే. "ఏ జిగురు వాడతారన్నా?" ఆ క్షణంలో చెప్పు చేతికందితే విసిరేవాణ్ణి. వంట నేర్చుకోవడానికి వచ్చి, ఏ గిన్నె కొనమంటారు అన్నట్టుంటుంది. జిగురు ఏ కొట్లోనైనా దొరుకుతుంది. ఎప్పుడు పూయాలి, ఎప్పుడు పూయకూడదు అన్న తెలివే ఎక్కడా దొరకదు. దాన్ని నాలుగు ముక్కల్లో రాస్తే కొత్తగా ఈ పనిలోకి దిగేవాళ్లకు పనికొస్తుందని కూర్చున్నాను.

నా పేరు మస్తాన్. కోట అనే ఊళ్లో బస్సులు ఆగే రోడ్డు పక్కన నా దుకాణం ఉండేది. మా నాన్న తలుపులూ కిటికీలూ చేసిన వడ్రంగి. నేను బ్యాట్ల వైపు తిరిగాను. ఇటు శ్రీహరికోట దాకా, అటు కృష్ణపట్నం దాకా బ్యాటు పగలగొట్టుకున్న ప్రతివాడూ చివరికి నా గుమ్మం ఎక్కినవాడే. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. గొప్ప చెప్పుకోకూడదంటే ఇక పని మానేశాక రాయడం దేనికి?

వెంకురెడ్డి గారి చెవి

నేను పని నేర్చుకున్నది నెల్లూరు టౌనులో వెంకురెడ్డి గారి ఆటసామాన్ల షాపులో. మనిషి పొట్టి, నోరు పెద్దది. బ్యాటు ఎవరైనా తెస్తే దాన్ని చూసేవాడు కాదు. పిడి పట్టుకుని వేలాడదీసి, వేలి కణుపుతో కిందనుంచి పైకి తట్టుకుంటూ పోయేవాడు. బాగున్న చోట చెక్క ఖంగున పలుకుతుంది. లోపల పగులున్న చోట డొక్కు చప్పుడు వస్తుంది. "ముందు చెవితో చూడబ్బయా, కంటితో తర్వాత చూడొచ్చు" అనేవాడు. నా వృత్తి మొత్తం ఆ ఒక్క మాట మీద నడిచింది.

ఆయన దగ్గర నేర్చుకున్న రెండో సంగతి, గీత కనపడినంత మాత్రాన అది పగులు కాదని. ఆడిన బ్యాటు మీద సన్నటి గీతలు పడతాయి. వాటికి ఏమీ చేయనక్కర్లేదు. ఒక కాలేజీ కుర్రాడు అలాంటి గీత చూసి కంగారుపడుతూ వస్తే, వెంకురెడ్డి గారు వాడి బ్యాటు తిరిగి వాడి చేతిలోనే పెట్టారు.

"ఇది పగులు కాదు, ముడత. నువ్వు మాత్రం రేపు ముడతలు పడకుండా ఉంటావా? పో, పోయి ఆడుకో."

ఇంత చెవి ఉన్న మనిషికి ఒక పాడు అలవాటు ఉండేది. నిజంగా పగిలిన బ్యాటు మీద రంగురంగుల స్టిక్కరు వేసి షాపు ముందు వేలాడదీసేవాడు. పిడి బ్యాటులోకి దిగే చోట చీలిన బ్యాటును అలాగే ఒక బస్సు కండక్టరుకు అంటగట్టాడు. వారం తిరక్కుండానే ఆ కండక్టరు షాపుకు వచ్చాడు. చేతిలో పిడి ఒక్కటే ఉంది.

వెంకురెడ్డి గారు నదురూ బెదురూ లేకుండా, "మిగతాదేదయ్యా?" అన్నారు.

"ఆడనే ఉండాది సామీ. బంతి కొడితే బంతి కదల్లా, బ్యాటు పోయి అంపైరు కాళ్ల కాడ పడింది."

షాపులో ఉన్నవాళ్లందరూ పడీ పడీ నవ్వారు. ఆయన కూడా నవ్వి కొత్త బ్యాటిచ్చి పంపాడు. నాకు మాత్రం ఆ రోజే అర్థమైంది. కప్పిపెట్టిన పగులు ఊరుకోదు, లోపల్లోపల పాకుతుంది. ఆయనకు చెవి అల్లా ఇచ్చాడు, స్టిక్కరు సైతాను ఇచ్చాడు అనుకుని, మొదటిది ఉంచుకుని రెండోది వదిలేశాను. కోటలో దుకాణం పెట్టుకున్నాక ఒక్క స్టిక్కరు కూడా అంటించలేదు.

రేపే మ్యాచ్

ఈ పనిలో మీ శత్రువు పగులు కాదు, తొందర. ఎప్పుడో పగిలిన బ్యాటును ఇంట్లో మంచం కింద దాచుకుని, మ్యాచ్ రేపనగా తెస్తారు. "రేపే మ్యాచ్ అన్నా" అని మొదలుపెడతారు. మీరు మెత్తబడకండి. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. జిగురు పైన గట్టిపడినట్టే ఉంటుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. బిగింపు ముందే విప్పారా, మీ పని గోవిందా.

ఇంట్లోనే వైద్యం చేసుకుని వచ్చేవాళ్లు మరో రకం. మేకులు కొట్టుకొస్తారు. మేకు చెక్క నారను చీలుస్తుంది, అంటే ఒక పగులును ఆపడానికి రెండో పగులు వేసుకొస్తారన్నమాట. చిటికెలో అంటుకునే ట్యూబు జిగురు పోసుకొచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ జిగురు గాజులా గట్టిపడి, మొదటి దెబ్బకే పొడి పొడి అవుతుంది. పగులును కొంచెం తెరిచి, దుమ్ము దులిపి, రెండు ట్యూబులు కలిపే నిదానపు జిగురును దారంతో లోపలిదాకా లాగి, బిగించి, దాని జోలికి పోకుండా ఉండాలి. పనంటే అంతే. ఆ జోలికి పోకుండా ఉండటమే అందరికంటే కష్టం. నా దగ్గర నేర్చుకున్న వాళ్లలో చేతి నేర్పు ఉన్నవాళ్లు చాలామంది, ఓర్పు ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు. ఇప్పుడు దుకాణాలు నడుపుతున్నది ఆ ఇద్దరు ముగ్గురే.

ఇలాంటివి ఎన్నో చూశాను. అన్నీ తెలుసు అనుకుని ఇక పని మానేద్దామనుకుంటున్న రోజుల్లో, నాకు అంతవరకూ ఎదురుపడని పగులు ఒకటి వలలో చుట్టుకుని వచ్చింది.

పాళెం బ్యాటు

తెచ్చినవాడు పోలయ్య. కోటకు తూర్పున సముద్రం ఒడ్డున ఉన్న పట్టపుపాళెం జట్టుకు కెప్టెను. చేపలు పట్టే పని. నలభైకి దగ్గర పడ్డా భుజాలు చూస్తే తెడ్డు వేసిన భుజాలని ఇట్టే తెలుస్తుంది. బల్ల మీద వల విప్పగానే నీచు కంపు గుప్పుమంది. దుకాణం వెనకే మా ఇల్లు. లోపలినుంచి మా ఆవిడ కేకేసింది.

"ఏందయ్యా అది? బ్యాటు తెచ్చినారా, సొరచేపను తెచ్చినారా?"

మా ఆవిడ ముక్కు తప్పు చెప్పదు. అది నిజంగా సొరచేప నూనె వాసనే.

ఆ బ్యాటు ఎవరి సొంతమూ కాదు, పాళేనిది. వలలో పడినదాంట్లో ఊరి పాలు, అంటే ఊరి వాటా, తీసి గుడికీ, ఆపదలో ఉన్న ఇంటికీ వాడటం వాళ్ల పద్ధతి. ఒక మంచి ఏడాదిలో కుర్రవాళ్లు బతిమాలుకుంటే, ఆ పాలులోంచే పాళేనికి ఒక బ్యాటు కొన్నారు. అది పెద్దకాపు ఇంట్లో ఉంటుంది. పెద్దకాపంటే వాళ్ల పాళేనికి పెద్ద, ఆయన మాటే వాళ్లకు కోర్టు.

బ్యాటు అడుగు నుంచి అంచు వెంబడి జానెడు మేర చీలి, ముక్క ఊగుతోంది. బొటనవేలితో నొక్కాను. పగులులోంచి నూనె ఊరింది. పగులులోంచి దుమ్ము రావడం చూశాను, చీమలు రావడం చూశాను. నూనె ఊరడం అదే మొదలు.

"పోలయ్యా, దీనికి నూనె ఎవరు పూసేది?"

"పెద్దకాపే అన్నా. పడవలు కడలి మీదికి పోని పొద్దు చూసి, ఆయన చేత్తోనే పూస్తాడు. కొన్నకాణ్ణించి అంతే."

అప్పుడు సంగతి బోధపడింది. ఆయన కుర్రతనంలో పడవలన్నీ చెక్కవి. చెక్కకు ఏటేటా సొరచేప నూనె పట్టించకపోతే ఉప్పునీరు తినేస్తుంది. ఇప్పుడు పాళెంలో పడవలన్నీ ఫైబరువి, వాటికి నూనెతో పని లేదు. పెద్దాయన చేతికి మాత్రం అలవాటు పోలేదు. నూనె తాగే చెక్క పాళెం మొత్తంలో ఆ బ్యాటు ఒక్కటే మిగిలింది. ప్రేమంతా దానికే పోశాడు.

"ఇంకో బ్యాటు తీసుకుని ఆడుకో. నా దగ్గరే ఉంది, ఇస్తాను" అన్నాను.

పోలయ్య తల అడ్డంగా ఊపాడు. వాళ్లు ఆడేది రొయ్యల గుంటలో. పంట పట్టేసి నీళ్లు తోడేశాక, గుంట అడుగు ఎండి బండలా తయారవుతుంది. మళ్లీ నీళ్లు వదిలేదాకా అదే మైదానం, గట్లే బౌండరీలు. ఏటా అక్కడ పోటీలు పెడతారు. పాళెం జట్టు ఏటా ఫైనలు దాకా రావడం, కృష్ణపట్నం పోర్టులో పనిచేసే కుర్రవాళ్ల జట్టు చేతిలో ఓడి ఇంటికి పోవడం. ఆట పిచ్చిలో కుర్రవాళ్లు తెల్లవారుజామున వేటకు పోవడం మానేస్తున్నారని పెద్దలకు కోపం. ఆ కోపం ఈసారి పొంగింది.

"ఈ తూరి గెలవకపోతే బ్యాటును పొయ్యిలో పెడతానన్నాడన్నా పెద్దకాపు. ఆ తర్వాత పాళెంలో బ్యాటు పట్టినోడికి దురాయి. అదీ ఊరి బ్యాటుతోనే గెలవాలంట. అరువు బ్యాటుతో గెలిస్తే అది గెలుపే కాదంట."

దురాయి అంటే ఆటమాట కాదు. పెద్దలు ఒక కట్టడి వేస్తారు. దాన్ని దాటినవాడితో ఊళ్లో ఎవరూ మాట్లాడరు, వాడి పడవను నీళ్లలోకి తోయడానికి ఎవరూ చెయ్యి వేయరు. అంత మాట పడ్డాక పాళెంలో ఇక క్రికెట్టు ఉండదు. ఆ రోజు గురువారం, ఫైనలు ఆదివారం. సోమవారం గుంటలోకి నీళ్లు వదిలేస్తారు. సెమీఫైనల్లో బ్యాటు చీలింది. పోలయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు జాలి కంటే పంతం ఎక్కువ కలిగింది. చచ్చిందని నలుగురూ అనే బ్యాటును లేపి నిలబెట్టడంలో ఉన్న రుచి ఈ పని చేసినవాళ్లకే తెలుస్తుంది.

దీన్ని చంపింది మీ చెయ్యే

నూనె తాగిన చెక్కకు ఏ జిగురూ పట్టదు. సుద్దపొడి అద్ది పైపై నూనె పీల్చవచ్చు గాని, లోతుకు దిగింది రాదు. చెడిన ముక్కను కోసేసి, ఆ చోట వేరే ముక్క కూర్చాలి. అది ఊరి బ్యాటు కాబట్టి రంపం పెట్టాలంటే పెద్దకాపు ఒప్పుకోవాలి. పోలయ్యకు ఆ మాట అడిగే ధైర్యం లేదు. ఫోను చేసి, "మస్తానన్న రమ్మంటున్నాడు" అని మాత్రం చెప్పి పెట్టేశాడు.

సాయంత్రానికల్లా పెద్దకాపు ఆటోలో దిగాడు. సన్నటి మనిషి, తెల్లటి మీసం, భుజాన తుండు. బల్ల మీద బ్యాటును, దాని మీద నేను గీసిన సుద్దగీతను చూశాడు.

"ఇంత కోస్తే ఇంకేం మిగల్తుంది?"

"బ్యాటు మిగల్తుంది, కాపు. కోయకపోతే కట్టెపుల్లే."

"మంచి నూనె పట్టించిన చెక్క. మా నాయన పడవకు ఎట్టా పూసినాడో అట్టా పూసినా. నూనె తాగిన చెక్క కుళ్లదు."

"ఆ మాట నిజమే సామీ. పడవలోకి నీళ్లు రాకూడదు, దానికి నూనె కావాల. బ్యాటు పని అది కాదు గదా. దాన్ని బంతి కొడితే అది తిరిగి కొట్టాల. మీరు పూసి పూసి దాన్ని మెత్తటి చేప చేసినారు. జిగురు అంటదు, దెబ్బకు ఆగదు. ఏటా మీవోళ్లు ఓడేది చేతగాక కాదు. దీన్ని చంపింది మీ చెయ్యే."

పోలయ్య మెల్లగా నా బీరువా పక్కకు జరిగాడు. పాళెం పెద్దతో ఆ మాట అన్నవాడు అంతకు ముందు ఎవరూ ఉండి ఉండరు. నాకూ భయమేసింది, దాచుకోవడం ఎందుకు. మనకు తెలిసిన నిజాన్ని బ్యాటు తెచ్చినవాడి మొహం చూసి మింగితే, ఆ బ్యాటు రేపు మైదానంలో అందరి ముందూ చెబుతుంది. అందుకే మింగలేదు.

ఆయన తన అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నాడు. ఒక్క మాట అన్నాడు.

"కొయ్యి."

కట్టు

ఆడి ఆడి పిడి విరిగిపోయిన బ్యాట్లను నేను పారేయను. వాటి చెక్క ఎండి, అనుభవం పండి ఉంటుంది. అలాంటిదొకటి తీసి, నారలు ఒకే దారిన నడిచేట్టు చూసి ముక్క కోశాను. రెండు చెక్కలూ తిన్నగా కాకుండా ఏటవాలుగా కలిసేలా ఉలితో చెక్కాను. అలా అయితే జిగురుకు ఎక్కువ చోటు దొరుకుతుంది, దెబ్బ ఒకే గీత మీద పడదు. సుద్దపొడి అద్ది తుడిచి, మళ్లీ అద్ది తుడిచి, గుడ్డకు నూనె మరక అంటడం మానేదాకా వదల్లేదు. అప్పుడు జిగురు పూసి, అంచునుంచి అడ్డంగా వెదురు చీలలు దించి బిగించాను.

పెద్దకాపు వెంటనే ఇంటికి పోలేదు. స్టూలు వేసుకుని అన్నీ చూస్తూ కూర్చున్నాడు. మా ఆవిడ టీ ఇస్తే తాగాడు. మర్నాడు కూడా వచ్చాడు. శనివారం బిగింపు విప్పి, ఉప్పుకాగితంతో నునుపు చేసి, అతుకు మీద సన్న దారంతో కట్టు మొదలుపెట్టాను. నాలుగు చుట్లు తిప్పానో లేదో స్టూలు మీదనుంచి గొణుగుడు వినిపించింది.

"వదులు."

"ఏంది కాపు?"

"కట్టు వదులుగా ఉండాది. ఇది రెండు దెబ్బలకు జారుతుంది. ఇట్టా ఇయ్యి."

నా చేతిలోంచి లాక్కున్నాడు. జేబులోంచి వల అల్లే సన్నటి నైలాను దారం తీశాడు. కొసను పంటితో పట్టి, బ్యాటును కాలి వేళ్ల మధ్య నిలబెట్టి, చుట్టు పక్కన చుట్టు వెంట్రుక సందు లేకుండా లాగుతూ పోయాడు. ముడి ఎక్కడ పడిందో నాకు కనపడనే లేదు. కొసను కట్టు కిందికే మాయం చేశాడు. వేలితో తడిమితే ఎత్తు తెలియనంత సన్నగా కూర్చుంది. నా జీవితంలో ఎన్ని కట్లు కట్టానో లెక్కలేదు గాని, అలాంటిది ఒక్కటీ కట్టలేదు. చూసినందుకే ఒళ్లు పులకరించింది.

"రేపు పొయ్యిలో పెట్టాల్సిన బ్యాటుకు ఇంత మంచి కట్టు దేనికి సామీ?" అన్నాను, ఊరికే గిల్లుదామని.

"పొయ్యిలో పోతే పోనీ. నా చేతి కట్టు వదులుగా ఉందనే మాట మాత్రం రాకూడదు."

బ్యాటును పిడి పట్టుకుని వేలాడదీసి, కణుపుతో తట్టాను. కిందనుంచి పైదాకా ఖంగుమంది. ఆయన కూడా విన్నాడు. మీసం కింద నవ్వు దాచుకోవడానికి తుండు అడ్డం పెట్టుకున్నాడు.

గుంటలో ఫైనలు

ఆదివారం దుకాణం మూసి నేనూ పోయాను. గుంట గట్ల మీద పాళెం పాళెమంతా కూర్చుంది. ఆడవాళ్లు గంపలు బోర్లించుకుని వాటి మీద కూర్చున్నారు. ఇటు గుంట ఎండిపోయి ఉంటే, గట్టుకు అవతల గుంటలో నిండుగా నీళ్లు, రొయ్యలకు గాలి కోసం పెట్టిన చక్రాలు తపతపా తిరుగుతున్నాయి. పెద్దకాపు నా పక్కనే కూర్చున్నాడు.

పోర్టు జట్టు మంచి స్కోరే కొట్టింది. పాళెం వైపు ఒక్కొక్కడే అవుటై పోతుంటే పోలయ్య ఒక్కడే నిలబడ్డాడు. వాళ్లలో ఒక పొడుగాటి బౌలరున్నాడు, బంతిని సరిగ్గా కాళ్ల దగ్గర వేస్తాడు. వాడు వేసిన బంతి నేరుగా పోయి బ్యాటు అడుగున, నేను అతికిన ముక్క మీదే పడింది. నేను కళ్లు మూసుకుని చెవులు అప్పగించాను.

ఖంగుమంది.

"పట్టింది కాపూ, పట్టింది!" అని అరిచాను. ఆయన నా మోకాలు ఎంత గట్టిగా నొక్కాడంటే వారం రోజులు నొప్పి పోలేదు. అక్కణ్ణుంచి పోలయ్యకు ధైర్యం వచ్చింది. అంతవరకూ బ్యాటు విరుగుతుందేమోనని బంతిని నిమురుతున్నవాడు, కొట్టడం మొదలుపెట్టాడు. బంతి గట్టును తాకిన ప్రతిసారీ గంపల మీదనుంచి ఈలలు.

చివరి ఓవరుకు వచ్చేసరికి నాలుగు పరుగులు కావాలి, చేతిలో ఒక్క వికెట్టు. అదే పొడుగాటివాడు బంతి అందుకున్నాడు. మొదటి బంతి బ్యాటుకు తగలకుండా పోయింది. రెండో బంతికి పోలయ్య ఒక కాలు ముందుకు వేసి, తెడ్డు తోసినట్టు భుజం మొత్తం తోసి కొట్టాడు. బంతి మా తలల మీదుగా పోయి అవతలి గుంటలో, తిరుగుతున్న చక్రాల పక్కన నీళ్లలో పడింది. సిక్సరు!

ఆ తర్వాత ఎవరు ఎవరిని ఎత్తుకున్నారో చెప్పలేను. నన్ను ఎత్తినవాళ్లు కూడా ఉన్నారు. నేను ఏడ్చాను, సిగ్గులేకుండా ఏడ్చాను. పోర్టు జట్టు కుర్రవాళ్లు కూడా వచ్చి బ్యాటును తిప్పి తిప్పి చూశారు. ఆ పొడుగాటి బౌలరు కట్టు మీద వేలు రాసి, "దీన్ని విరగ్గొట్టాలనే ఏసినానన్నా" అని నవ్వాడు.

పోలయ్య బ్యాటును రెండు చేతుల మీదా పట్టుకొచ్చి పెద్దకాపు చేతుల్లో పెట్టాడు. కొత్త పడవకు చేసినట్టు దానికి పసుపు రాశారు, బొట్టు పెట్టారు. ఇంతలో పెద్దకాపు భార్య జనాన్ని తోసుకుంటూ వచ్చింది. చేతిలో ఇత్తడి గిన్నె, గిన్నె నిండా సొరచేప నూనె. ఆ వాసన తగలగానే "ఆగమ్మా!" అని అరిచాను గాని ఆ గోలలో ఎవరు వింటారు?

పెద్దకాపు బ్యాటును పక్కవాళ్లకిచ్చి గిన్నె అందుకున్నాడు. వాళ్లు బ్యాటును ముందుకు చాపారు. ఆయన ఆ గిన్నెను అలాగే ఎండిన గుంటలో బోర్లించాడు. నూనె అంతా నెర్రెల్లోకి ఇంకిపోయింది.

"అందరూ వినండి. ఈ పొద్దు నుంచి ఈ బ్యాటుకు నూనె బొట్టు తగిలించినోడికి దురాయి. నేను పూసినా సరే, నా పడవను ఎవరూ తోయొద్దు."

ఎంతమందికి చెప్పాను! బ్యాటును నూనెలో ముంచకండని కాలేజీ కుర్రవాళ్లకు చెప్పాను, కోచ్‌లకు చెప్పాను, నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఒక్కడూ చెవిన పెట్టలేదు. ఆ పెద్దాయన ఒక్క మాటతో పాళెం మొత్తం చేత తలలూపించాడు. అందరికంటే ముందు తల ఊపింది ఖాళీ గిన్నెతో నిలబడ్డ ఆయన భార్య.